నాటకమున దయ్యము – యథార్థత

నిరుడు మా పాఠశాల వార్షికోత్సవమునకు విద్యార్థులచే ‘హామ్లెట్’ నాటకమునందలి మొదటి రంగమును తెలుగున నాడింప దలచితిమి. అర్ధరాత్రము, కోటబురుజు, చలి, కావలివాండ్రు, మృతుడైన రాజుయొక్క ప్రేతము – ఇంతియే అందలి సామగ్రి. బాలురు పదిదినములు శ్రద్ధతో నభ్యసించిరి. అంతలో ఊరిపెద్దలలో నొకరు, సంస్కరణమునం దభిమానము మెండుగా గలవారు, మా యొద్దకు వచ్చి యిట్లనిరి: “మాస్టారూ, మూఢవిశ్వాసములను పోగొట్టవలసిన బడిలోనే దయ్యమును రంగముమీది కెక్కింతురా? రేపీ పిల్లలు చీకటిలో కాలు బయట పెట్టుదురా?” వారి మాటయే చెల్లినది. హామ్లెట్టు తొలగినది, దాని స్థానమున నొక ప్రహసనము వచ్చినది. అందు దొంగ యొకడు తెల్లదుప్పటి కప్పుకొని దయ్యమువలె నటించి యింటివారిని బెదరించును. చదువుకొన్న కుమారుడు వచ్చి దుప్పటి లాగివేయును. పనిమనిషి మూర్ఛపోవును. సభవారెల్లరు పనిమనిషిని జూచి పకపక నవ్వుదురు. తెర పడును.

సభ జయప్రదముగనే ముగిసినది. మాకు మాత్ర మొక ప్రశ్న మిగిలినది. ఈ రెంటిలో నేది యథార్థమునకు దగ్గరగా నున్నది? దయ్యమును జూపిన నాటకమా, దయ్యము లేదని చూపిన ప్రహసనమా? ఈ ప్రశ్నను విచారించుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నారము.

చదువరులు మమ్ము అపార్థము చేసికొనకుండుటకై ఒక్కమాట ముందుగా చెప్పవలెను. మేము దయ్యములున్నవని నమ్మువారము కాము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దయ్యములు లేవని లోకమునకు జూపుటకై నడిరేయి శ్మశానమునకు బోవుచుండెడివారని మన పెద్దలు చెప్పుకొనుట వినియున్నాము. ఆ త్రోవను నడువవలెనను కోరికతోనే మేమును ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించితిమి. ఇప్పటికిని చేతబడి చేసెనను అనుమానమున, బాణామతి పెట్టెనను అపవాదమున, నిరపరాధులు ప్రాణములు గోల్పోవు దేశములో దయ్యమును గూర్చి తేలికగా మాటలాడుట తగదనియు ఎరుగుదుము. మూఢవిశ్వాసములతో జీవితమెల్ల పోరాడిన నరేంద్ర దాభోల్కరు 2013 ఆగష్టు 20వ తేదీన పుణే నగరమున హతుడయ్యెను. ఆ సంవత్సరమే మహారాష్ట్రమున క్షుద్రవిద్యల మోసములను శిక్షించు శాసనము వెలువడెను. కావున ఇది కేవలము పండితుల కాలక్షేప చర్చ కాదు.

యథార్థత యనగా నేమి? లోకమున నున్న వస్తువుల పట్టికను చేతబట్టుకొని, అందు లేనిదానినెల్ల కావ్యమునుండి కొట్టివేయుటయే యథార్థత యందుమా? అట్లయినచో మాటలాడు హంసయు, శకుంతలకు చీరలిచ్చిన చెట్లును, అన్నియు పోవలసినదే. గ్రీకు పండితుడైన అరిస్టాటిలు ఈ విషయమును రెండువేల యేండ్లకు పూర్వమే విచారించి, లోకమున జరుగనిదే యైనను నమ్మకము కలుగునట్లు నిర్వహింపబడిన కథ, జరుగదగినదే యైనను నమ్మకము పుట్టింపజాలని కథకంటె మేలని తీర్పు చెప్పెను. దుప్పటి కప్పుకొన్న దొంగ లోకమున నుండవచ్చును. కాని, ఒక్క దుప్పటిని లాగినంతమాత్రమున ఒక యింటిలోని భయమంతయు తొలగిపోవుట లోకమున లేదు. ఆ ప్రహసనమున వస్తువు నిజము, మనస్సు అబద్ధము. హామ్లెట్టునందు వస్తువు అబద్ధమైనను మనస్సు నిజము. కావ్యమున మనకు గావలసినది ఈ రెండవ నిజమే.

మన ప్రాచీనులు ఈ విషయమున మిక్కిలి మెలకువ గలవారు. భరతముని నాట్యశాస్త్రము ఆరవ యధ్యాయమున భయానకరసమును నిరూపించుచు, వికృతధ్వనులను, భూతదర్శనమును, పాడుపడిన యింటిని, అరణ్యమును దానికి విభావములుగా జెప్పెను. డిమమను రూపకభేదమునందు పిశాచములకు పాత్రత్వమునే యొసగెను. అంతటితో నాగక భయానకమును మూడువిధములుగా విభజించెను: వ్యాజమువలన గలుగునది, అపరాధమువలన గలుగునది, విత్రాసితకము, అనగా సహజముగా బెదరుటవలన గలుగునది. ఈ విభాగమును కొంచెము నిదానించి చూడుడు. దయ్యము కలదా లేదా యను ప్రశ్న ఇందు లేదు. భయ మెచ్చటినుండి పుట్టినది అను ప్రశ్న యొక్కటియే కలదు. విమర్శకునకు గావలసిన కొలబద్ద ఇదియే యని మా యభిప్రాయము.

మొదట వ్యాజమును జూతము. ఇందులకు మన భాషలోనే గొప్ప యుదాహరణము కలదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంపొందింపబడిన రూపముతో వెలువడెను. అందు లుబ్ధావధాన్లుగారి యింట పూజారి గవరయ్య దయ్యమును సీసాలో బంధించితినని చెప్పి, బిరడా బిగించిన సీసాను జూపును. సీసాలో నేమియు లేదని చూచువారి కందరికిని దెలియును. అయినను అవధాన్లుగారు దానిని జూచి వణకుచునే యుందురు. ఎందువలన? వార్ధక్యమున రొక్కము పోసి పిల్లను గొని పెండ్లాడినవాడు వారు. ఆ భయమునకు బీజము సీసాలో లేదు. వారి నడవడిలో నున్నది. గవరయ్య చేసిన పని యెల్ల ఆ బీజమునకు నీరు పోయుటయే. వ్యాజము వెలుపలిది, అపరాధము లోపలిది. రెండును గలిసిననే దయ్యము తయారగును.

మా ప్రహసనమునకును దీనికిని గల భేద మిప్పుడు స్పష్టము. రెండును దయ్యము లేదనియే చెప్పుచున్నవి. కాని మా ప్రహసనమున మనము పనిమనిషిని జూచి నవ్వితిమి. కన్యాశుల్కమున యజమానుని జూచి నవ్వుదుము. ఒకటి చదువులేని పేదరాలి భయమును హాస్యాస్పదము చేసెను. మరియొకటి చదువును ధనమును గలవాని యపరాధమును బయట పెట్టెను. రెండును దయ్యమును ఖండించినవే యైనను, మొదటిది సంస్కరణము కాదు, కేవలము గర్వము.

ఇక అపరాధమువలన గలుగు భయము. ‘మాక్బెత్’ నాటకమున రాజు తాను చంపించిన బాంకో ప్రేతమును నిండువిందులో జూచును. తక్కిన యతిథులకు ఖాళీ పీఠము మాత్రమే కనబడును. హామ్లెట్టునందు మొదటి రంగమున ప్రేతమును ముగ్గురు చూతురు. తరువాత తల్లి గదిలో హామ్లెట్టు ఒక్కడే చూచును, తల్లికి శూన్యము తప్ప నేమియు గోచరింపదు. ప్రేతము నిజముగ గలదా యని షేక్స్పియరును ప్రశ్నించినచో ఆయన యుత్తర మీయడు. ఎవరికి కనబడుచున్నది, ఎవరికి కనబడకున్నది అనుదానిని మాత్రము లెక్కతప్పక చూపును. ఒక యింటిలో జరిగిన పాపము ఒకరి కన్నులకు పగలు రాత్రి యనక నిలిచియుండుటయు, ప్రక్కనే యున్న మరియొకరికి అసలే కనబడకుండుటయు మనకు తెలియని విషయమా?

ఈ మెలకువ లేనిచో నేమగునో ఫ్రెంచి మహాకవి వోల్టేరు చూపెను. ఆయన 1748లో ప్రదర్శింపించిన ‘సెమిరామిస్’ నాటకమున నైనస్ రాజు ప్రేతము పట్టపగలు, నిండుసభలో, అందరియెదుట సమాధినుండి వెడలివచ్చును. ఆ కాలమున పారిసు నగరమున గొప్పవారు రంగముమీదనే ఆసనములు వేసికొని కూర్చుండెడివారు; ప్రేతమునకు నడచుటకు త్రోవయే దొరకలేదట! ఆ యాచారము 1759లో తొలగింపబడెను. కాని లోపము ఆసనములది మాత్రమే కాదు. జర్మను విమర్శకుడు లెస్సింగు 1767లో ఈ రెండు ప్రేతములను పోల్చి తీర్పు చెప్పెను. హామ్లెట్టు ప్రేతము వచ్చిన వేళ, వచ్చిన తీరు, అన్నియు మన చిన్ననాటి భయమును మేలుకొలుపును. దానిని మనము హామ్లెట్టు మనస్సుద్వారా చూతుము. వోల్టేరు ప్రేతమో నూరుమందికి ఒక్కసారి కనబడుటచేత ఒక్కరి హృదయమునైనను తాకదు. అది కథ నడపుటకు దెచ్చిన యంత్రము. హేతువాది యైన వోల్టేరు చేతిలో దయ్యము బొమ్మయగుటయు, ఎవరి వాదమునకును గట్టుబడని షేక్స్పియరు చేతిలో ప్రాణముతో నుండుటయు విచారింపదగిన విషయము. వాదమొక్కటియే యథార్థత నీయజాలదు.

మూడవది సహజమైన బెదరు. ఇందులకు భవభూతి ‘మాలతీమాధవము’ పంచమాంకమును మించినది లేదు. తన ప్రియురాలిని రాజు తన యిష్టుడైన నందనునకు ఇప్పింపబూనగా, వేరుగతి లేని మాధవుడు పిశాచముల తోడ్పాటు గోరి, నరమాంసము నమ్ముటకై శ్మశానమునకు బోవును. కవి ఆ చోటును, ఆ పిశాచములను, వానియాకలిని ఒడలు జలదరించునట్లు వర్ణించెను. సంస్కర్తలైన మన మిత్రులు ఈ యంకమును జూచి ముక్కు మూసికొందురు. కాని కథ యెటు నడచినదో చూడుడు. ఆ పిశాచములలో నొక్కటియు మాధవునకు గీటంత హాని చేయలేదు. ఇంతలో నొక స్త్రీ యాక్రందనము వినబడును. మాలతిని చాముండకు బలి యీయుటకై కత్తి యెత్తి నిలిచినవాడు పిశాచము కాడు, అఘోరఘంటుడను మనుష్యుడు. ప్రేక్షకుని భయమును పిశాచములమీద నుంచి, తుదకు దానిని మనుష్యునిమీదికి మరల్చుట భవభూతి నేర్పు. శ్మశానముకంటె దేవాలయము, పిశాచముకంటె పూజారి, ఆ పూజారికంటెను పైకి రాజాజ్ఞకు దలయొగ్గి కూతు నీయ నంగీకరించిన మంత్రి – ఇట్లు భయము మెట్టుమెట్టుగా మన యిండ్లకు దగ్గర యగుచున్నది. ఇంతకంటె సంస్కరణోపయోగి యైన శ్మశానవర్ణనము వేరొకటి కలదా?

ఆ భవభూతియే ‘ఉత్తరరామచరితము’ మూడవ యంకమున మరియొక యద్భుతము చేసెను. దాని పేరే ఛాయాంకము. లోకాపవాదమునకు వెరచి విడువబడిన సీత, గంగాదేవి వరముచే ఎవ్వరికిని గనబడని దేహముతో పంచవటియందు సంచరించుచుండును. రాముడు ఆమె మరణించెనని తలచి విలపించి మూర్ఛిల్లును. ఆమె చేయి తాకగా తెప్పరిల్లును. ఆమె యెదుటనే యున్నది, అతడు చూడలేడు. ఇచ్చట దయ్యము లేదు. చనిపోయినవా రెవ్వరును లేరు. అయినను బ్రతికియున్న స్త్రీయే నీడయైనది. లోకుల మాటకు జడిసి భర్త విడిచిన భార్య, ఇంటిలో నుండియు లేనిదానివలె మూలగదిలో నడగియుండు వితంతువు, వీరిని చూచినవారికి ఈ యంకము కల్పితమని తోచునా? మాకు తోచలేదు.

పశ్చిమదేశములలో యథార్థవాదమునకు ఆచార్యుడని పేరొందిన నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెను 1881లో ప్రకటించిన నాటకమునకు పెట్టిన పేరే ‘దయ్యములు’. మూలభాషలో నా మాటకు మరల నడచివచ్చువారని యర్థము. ఆ నాటకమున నొక్క దయ్యమైనను రంగముమీదికి రాదు. దుర్వర్తనుడైన భర్త పాపములను లోకమర్యాదకై కప్పిపుచ్చిన ఆల్వింగమ్మ, ప్రక్కగదిలో తన కుమారుడు పరిచారికతో సరసమాడుట వినును. ఒకప్పుడు భర్తయు అచ్చటనే, ఆ పరిచారిక తల్లితో, అట్లే ప్రవర్తించియుండెను. ఆ క్షణమున ఆమెకు దయ్యములే మరల వచ్చినట్లు తోచును. తల్లిదండ్రులనుండి వచ్చిన రక్తము మాత్రమే కాదు, చచ్చిపోయిన అభిప్రాయములు, చచ్చిపోయిన ఆచారములు మనలో తిరుగుచుండుటయే దయ్యము పట్టుట యని యా కవి భావము. ఈ నాటకమును యూరపున నెవ్వరును ముందుగా ఆడ సాహసింపలేదు. 1882లో అమెరికాలోని షికాగో నగరమున తొలుత నాడబడెను. లండనులో 1891లో ఖాసగీ ప్రదర్శన మొకటి జరిగినను, బహిరంగముగ నాడుటకు అనుమతి 1914 వరకు దొరకలేదు. దుప్పటి కప్పిన దయ్యమునకు లోక మెన్నడును వెరవలేదు. దుప్పటి లేని దయ్యమునకే వెరచినది.

ఇంతవరకు గ్రంథములను గూర్చి చెప్పితిమి. ఈ యభిప్రాయములు మాకు గ్రంథములవలననే కలిగినవని చెప్పినచో సత్య మగపడదు. ఒక్క విషయమును, మాకు గౌరవము తెచ్చునది కాకున్నను, చెప్పవలసియున్నది.

ఇరువది యేండ్ల క్రిందట మేమొక పల్లెటూరి పాఠశాలలో క్రొత్తగా చేరియుంటిమి. పదవతరగతి చదువుచున్న పిల్ల యొకతె నెలదినములు బడికి రాలేదు. విచారింపగా గాలి సోకినదని చెప్పిరి. ఆమె యక్క యంతకు పూర్వమే మరణించియుండెను. ఆ యక్కయే చెల్లెలిమీద పూని మాటలాడుచున్నదట. మేము యౌవనోత్సాహముతో ఆ యింటికి బోతిమి. వాకిట వేపమండలు, సాంబ్రాణి పొగ, భూతవైద్యుడు, చుట్టును జనము. పిల్ల జుట్టు విరబోసికొని, తండ్రివంక జూచి, “నాన్నా, నన్నిచ్చిన యింటికే చెల్లిని గూడా ఇస్తావా?” అని మరల మరల నడుగుచుండెను. మేము ముందునకు బోయి భూతవైద్యుని గద్దించి, దయ్యములు లేవని, ఇది మనస్సుయొక్క దౌర్బల్యమని, అరగంటసేపు ఉపన్యసించితిమి. ఊరివారు మా చదువును గౌరవించి విని తలయూచిరి. వైద్యుడు మండలు విడిచి వెడలిపోయెను. పిల్ల మావంక నొకసారి చూచి, తల వంచికొని, మరి మాటలాడలేదు.

మేము జయించితిమని తలచి యింటికి వచ్చితిమి. ఆ మాసముననే ఆ పిల్లను ఆమె బావకు, అనగా చనిపోయిన యక్క భర్తకు, ఇచ్చి పెండ్లి చేసిరి. పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట శాసనవిరుద్ధమని మేమెరుగుదుము. కాని పెండ్లి సంగతి మాకు తెలిసినది జరిగిపోయిన తరువాతనే. ఏల తెలియలేదు? పిల్ల చెప్పకపోవుటచేత గాదు. ఆమె అందరియెదుట చెప్పుచునే యుండెను. తన నోటితో చెప్పిన యెవ్వరును వినరు గనుక యక్క నోటితో చెప్పెను. భూతవైద్యుడు ఆ మాటను దయ్యపుమాట యనెను. మేము దౌర్బల్య మంటిమి. ఇద్దరిలో నొక్కరమైనను అది మాట యని గుర్తింపలేదు. మేము దయ్యమును వెడలగొట్టితిమి. దానితోబాటు ఆ పిల్లకున్న యొక్క నోటిని గూడ మూసితిమి. ఆమె మరల బడికి రాలేదు.

నాటినుండి దయ్యముగల కథ యేది చదివినను మేము మూడు ప్రశ్నలు వేసికొనుచున్నాము. మొదటిది: ఈ దయ్యము ఎవరికి కనబడుచున్నది, ఎవరికి కనబడదు? రెండవది: దీనివలన లాభము పొందువా రెవ్వరు? మూడవది: ఆ యింటిలో చెప్పరాని యే మాటను ఇది చెప్పుచున్నది? ఈ మూటికిని ఉత్తరమిచ్చు రచన, అందు ఎన్ని పిశాచములున్నను, యథార్థరచనయే. ఉత్తరమీయని రచన, అందు దయ్యము లేదని ఎంత గట్టిగా చాటినను, అబద్ధమే.

ఈ కొలబద్దతో కొలిచినచో నేటి చలనచిత్రములలోను, దూరదర్శన ధారావాహికలలోను గనబడు దయ్యములలో పెక్కు నిలువవు. అవి అందరికిని ఒక్కతీరున కనబడును; ప్రేక్షకుని కేక వేయించుటకంటె వేరు పని వానికి లేదు; తుదకు మాంత్రికుడే జయించును. తెల్లచీర కట్టి జుట్టు విరబోసికొనిన స్త్రీయే ఎల్లప్పుడును దయ్యమగుట యేల? ఆమెను చంపినవాడు దయ్యము కాక మర్యాదస్థుడుగా నుండుట యేల? ఇట్టి కథలను మేము నిరసించుట అవి అసంభవములగుటచేత గాదు, అవి ప్రశ్నింపకుండుటచేత. హానికరమైనది దయ్యమును జూపుట కాదు, మాంత్రికునికి గెలుపు నిచ్చుట.

పిల్లలు భయపడుదురను మిత్రుని మాటకును సమాధానము చెప్పవలెను. భయమే యెరుగని పిల్లవాడు ధైర్యమును ఎట్లు నేర్చును? రంగముమీద భయమును అనుభవించి, దీపములు వెలిగినపిమ్మట దానిని గూర్చి తోటివారితో చర్చించినవాడు, ఇంటికి బోయి చీకటిలో నిలిచి ఆలోచింప గలడు. పనిమనిషిని జూచి నవ్వుట నేర్చినవాడో, రేపొక యింటిలో వేపమండల నడుమ నొక పిల్ల కేక వేసినపుడు గూడ నవ్వును. లేదా మావలె ఉపన్యసించును.

హామ్లెట్టు మొదటి రంగమున ఒక చిన్న విషయము కలదు. కావలివాండ్రు ప్రేతమును రెండురాత్రులు చూచి, మూడవరాత్రి హొరేషియోను వెంటబెట్టుకొని వత్తురు. అతడు విట్టెన్‌బర్గు విద్యాపీఠమున చదివినవాడు; వారి మాటను మొదట నమ్మడు. అది కనబడగానే వారతనిని, చదువుకొన్నవాడవు నీవే దానితో మాటలాడుమని వేడుదురు. అతడు తన యవిశ్వాసమును ప్రక్కకు బెట్టి, నీవెవ్వరవు, ఏల వచ్చితివి, నీకు మేము చేయవలసిన దేమి యని యడుగును. ప్రేతము అతనికి బదులు చెప్పదు. అయినను అతడు దానిని భ్రాంతియని త్రోసివేయక, చూచినదానిని చూచినట్లు, ఎవరికి చెప్పవలెనో వారికి, తెల్లవారినంతనే పోయి చెప్పును. చదువుకొన్నవాని ధర్మ మిదియే యని మేమిప్పుడు తలచుచున్నాము. ఆ ధర్మము ఇరువది యేండ్ల క్రిందట మాకు తెలియలేదు.

ఈ సంవత్సరపు ఉత్సవమునకు ఆ రంగమును మరల ఆడింపవలెనని పెద్దలను ప్రార్థించియున్నాము. హొరేషియో వేషము ఈ మారు పదవతరగతి బాలిక కొకతెకు ఇయ్య నిశ్చయించితిమి.